తాతగారి నడుం, లోపలివారి కాళ్లు

మారతహళ్లిలో రెండు పడకగదుల ఇల్లు. పురిటికి అమ్మాయి పుట్టింటికెళ్లే రోజులు పోయి, పుట్టిల్లే రాత్రి బస్సెక్కి బెంగళూరు వచ్చేసే రోజులు కనుక, ఆ ఇంట్లో ఇద్దరు వియ్యపురాళ్లు, ఒక మామగారు, ఒక అబ్బాయి, 37వ వారం నడుస్తున్న ఒక అమ్మాయి. ఇంతమందిలో సుఖంగా కూర్చున్నది లోపలివారొక్కరే. తల పైన, పిర్రలు కింద, మోకాళ్లు మడిచి చక్కగా బాసింపట్టు. స్కాన్ రిపోర్టులో దాన్నే ‘బ్రీచ్’ అన్నారు.

“బిడ్డ అడ్డం తిరిగిందట” అని అత్తగారు ఊరికి ఫోన్ కొట్టేశారు. అడ్డం వేరండీ. అడ్డమంటే మంచం మీద పడుకున్నట్టు పడుకోవడం. ఇది నిలువే. కాకపోతే తలకిందులుగా ఉండాల్సినవాళ్లు తిన్నగా ఉన్నారు. తిన్నగా ఉండడం తప్పయ్యేది ఈ ఒక్క చోటే.

వార్త విని లోలోపల సంతోషించింది మామగారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదిలిపోతుందని మనవైపు నమ్మకం. ఆయన నడుం పట్టి పదేళ్లు. ఇన్నాళ్లకు సొంత ఇంట్లోనే డాక్టరు పుడుతుంటే, తిప్పేస్తామంటారేమిటని ఆయన బాధ.

28వ వారంలో అయితే ఎవరూ పట్టించుకోరు. అప్పటికి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు ఇలాగే కూర్చుని ఉంటారు. లోపల చోటూ ఎక్కువే, ఉమ్మనీరూ ఎక్కువే, ఈదుకుంటూ ఎటైనా తిరుగుతారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. మొదటి కాన్పయితే 36, మలి కాన్పయితే 37 వారాలు వచ్చాక డాక్టరు పైనుంచి చేతులతో తిప్పి చూస్తారు. అంతకుముందు తిప్పితే, వాళ్లంతట వాళ్లు తిరిగేదాన్ని మనం తిప్పామని గొప్పలు పోవడమే.

ఈలోపు ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? పొట్ట పైభాగాన చల్లటి బఠాణీల ప్యాకెట్టు, కింద వేడి గుడ్డ పెడితే చలికి తల కిందికి వస్తుందని ఒకావిడ. ఇంకొకావిడ ముందురోజే ప్యాకెట్టు కింద పెట్టేశారు. మోచేతుల మీద వాలి, నడుం పైకెత్తి పావుగంట ఉండమని అబ్బాయి. కాలి చిటికెనవేలి దగ్గర మూలికల కడ్డీ కాల్చి వేడి తగిలించే చైనా వైద్యం ఒకటుందని విని, కడ్డీ దొరక్క అగరుబత్తి వెలిగించిందీ అతనే. బిడ్డ కదల్లేదు గానీ అమ్మాయి కాలు కదిలి అతని గడ్డానికి తగిలింది. వీటిలో దేనికీ గట్టి రుజువు లేదు. నడుం ఎత్తి పడుకుంటే పోయేదీ లేదు. నిప్పు మాత్రం వద్దు.

బిడ్డను తిప్పడానికి పొద్దున పదింటికి ఆసుపత్రికి రమ్మన్నారు. షరతులు రెండే: కడుపు ఖాళీగా ఉండాలి, మూత్రాశయం ఖాళీగా ఉండాలి. ఎనిమిదింటికి వాళ్లమ్మ నాలుగు ఇడ్లీలు తినిపించింది. “కడుపు ఖాళీ ఎలా అవుతుందమ్మా, అందులో బిడ్డుంటే?” అన్నది ఆవిడ వాదన. దారిలో అబ్బాయి లీటరు నీళ్లు తాగించాడు, స్కానంటే నీళ్లు తాగాలని మూడో నెలలో విన్న మాట పట్టుకుని. సిల్క్ బోర్డ్ దగ్గర నలభై నిమిషాలు ఆగిన కారులో ఆ లీటరు ఏమైందో అమ్మాయి మొహమే చెప్పింది.

నీళ్లకు విరుగుడు ఆసుపత్రిలో మొదటి తలుపే. ఇడ్లీలకు లేదు. తిప్పేటప్పుడు బిడ్డ గుండె నెమ్మదించి మళ్లీ పుంజుకోకపోతే అప్పటికప్పుడు ఆపరేషన్ చెయ్యాలి. రెండొందల మందిలో ఒకరికి అలా కావచ్చు. మత్తులో ఉండగా ఇడ్లీ ఎదురు తిరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో ప్రమాదం. అందుకే ఆరు గంటలు ఆగమన్నారు. పదింటి పని రెండింటికి జరిగింది.

రెండింటికి ముందు స్కాను: మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు చాలినంత ఉందా, పిర్రలు కటిలోకి దిగిపోయాయా. దిగి ఇరుక్కుంటే పైకి లేపడం కష్టం. మాయ దారికి అడ్డంగా ఉన్నా, ఈ మధ్య రక్తస్రావమైనా, ఉమ్మనీరు పోయినా అసలు తిప్పరు. తర్వాత ఇరవై నిమిషాలు బిడ్డ గుండె చప్పుడు కాగితం మీద గీయించారు. ఆపైన గర్భాశయం సడలడానికి చర్మం కింద 250 మైక్రోగ్రాముల టెర్బుటలిన్ సూది. దాంతో తల్లి గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఇది మామూలే. మామూలని తెలియంది చేతికున్న వాచీకే. విశ్రాంతిలో ఉండి 120 దాటావేమిటని అది మోగుతూనే ఉంది.

పొట్ట మీద జెల్ పూసి, డాక్టరమ్మ ఒక చెయ్యి పొత్తికడుపు దగ్గర పెట్టి పిర్రల్ని మెల్లగా పైకి, పక్కకి లేపారు. రెండో చెయ్యి తల వెనక. ముందుకు పిల్లిమొగ్గ వేయించినట్టు, గడ్డం ఛాతీకి ఆనేలా నెట్టడం. రాకపోతే వెనక్కి పిల్లిమొగ్గ. పిండి పిసికినట్టు కాదు, గట్టి ఒత్తిడే కానీ నిదానం. మధ్యమధ్య ఆగి స్కాన్‌లో గుండె చూడడం. మూడు నాలుగుసార్లకు రాకపోయినా, తల్లి ఇక వద్దన్నా ఆపేస్తారు. మొదటి కాన్పువాళ్లలో పదిమందికి నలుగురికి, మలి కాన్పులో ఆరుగురికి పని అవుతుంది. మొదటిసారి పొట్ట కండరాలు బిగుతుగా ఉండడం అందుకో కారణం.

“మా ఊళ్లో మంత్రసాని ఆముదం రాసి తిప్పేసేది” అన్నారు అత్తగారు బయట. చేతులు అవే కావచ్చు. ఆమె పక్కన స్కాను లేదు, గోడ అవతల ఆపరేషన్ థియేటరూ లేదు. ఇంట్లో ఎవరైనా నూనె గిన్నె పట్టుకొస్తే అది లాక్కుని వంటింట్లో పెట్టండి.

రెండో పట్టుకు బిడ్డ జర్రున తిరిగింది. పొట్ట ఆకారమే మారింది. నర్సు బయటికొచ్చి కన్నడంలో “మగు తిరుగిదె” అంది. అత్తగారు ఎగిరి గంతేశారు. “మగట! మగపిల్లాడట!” అబ్బాయి నోరు మూయించబోయాడు. అది చెప్తే డాక్టరు జైలుకెళ్లాల్సి వస్తుంది, ఆ చట్టం 1994 నుంచీ ఉంది. మగు అంటే కన్నడంలో బిడ్డ అని నర్సు మూడుసార్లు చెప్పినా స్వీటు డబ్బా మాత్రం వెనక్కి పోలేదు.

మళ్లీ గుండె చప్పుడు చూశారు. అమ్మాయిది నెగెటివ్ గ్రూపు కాబట్టి, బిడ్డ రక్తం కాస్త కలిసినా తల్లి ఒళ్లు దాని మీద తిరగబడకుండా యాంటీ-డి సూది వేశారు. కడుపునొప్పి, రక్తం, నీళ్లు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, ఏది కనిపించినా వెంటనే రమ్మన్నారు.

మామగారు డాక్టరమ్మను పక్కకు పిలిచి ఉండబట్టలేక అడిగేశారు. తిప్పకపోతే కాళ్లే కదమ్మా ముందొచ్చేవి? కాదండీ, ఆ కూర్చున్న తీరులో ముందొచ్చేవి పిర్రలు, అదీ మీకు చాలామటుకు ఆపరేషనే అయ్యేది అన్నారావిడ. పిర్రలతో పుట్టినవాళ్లు ఏ నొప్పి తగ్గిస్తారో ఆయనెప్పుడూ వినలేదు.

“మళ్లీ వెనక్కి తిరుగుతారా?” అన్నారు చివరి ఆశగా.

“అరుదండీ. నూటికి ఐదుగురి లోపే.”

ఇంటికెళ్తుంటే రింగ్ రోడ్డు మీద స్పీడ్‌బ్రేకర్ దగ్గర డ్రైవరు నెమ్మదించాడు. వెనక సీట్లో మామగారు నడుం పట్టుకుని, “పర్లేదు బాబూ, ఇక్కడ కొంచెం గట్టిగానే పోనీ” అన్నారు.