హెవీ మెటల్ పరిరక్షణకు ఒక విన్నపం

విశాఖలో హెవీ మెటల్ అనే రాక్ సంగీతం ప్రమాదంలో పడింది. నల్ల టీషర్టులు వేసుకున్న అమ్మాయిలు సిరిపురం నుంచి ఆర్కే బీచ్ దాకా నిర్భయంగా తిరిగేస్తున్నారు. టీషర్టు మీద ముళ్లకంపలాంటి అక్షరాల్లో ఏ బ్యాండు పేరుందో మనకే చదవడం రాదు. అయినా ఆ అమ్మాయికి తెలీదని మాత్రం మనకు గట్టిగా తెలుసు. అందుకే ఆపి అడుగుతాం: "ఏటి, వీళ్ల పాటలు మూడు చెప్పు చూద్దాం." మూడూ చెబితే డ్రమ్మర్ పేరు. అదీ చెబితే అంతకుముందు డ్రమ్మర్ ఎవరు? అన్నీ చెప్పేస్తే, "మీ అన్నయ్య నేర్పాడా?"

అదే టీషర్టు వేసుకున్న కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అతను జగదాంబ జంక్షన్లో డిస్కౌంటు చూసి కొని ఉండొచ్చు. కానీ మనిషన్నాక నమ్మకం ఉండాలి కదా.

చరిత్ర కూడా మనవైపే ఉంది. ఈ సంగీతం పుట్టింది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో. అక్కడి బ్లాక్ సబ్బాత్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ 1965లో రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తర్వాత్తర్వాత తీగల బిగువూ తగ్గించాడు. ఆ బరువైన మోతలో ఆ గాయం పాలు కూడా ఉంది. ఇనుము మగాళ్ల వ్యవహారం అనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? మనకూ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. కాకపోతే అందులో ఇనుము కరిగించే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కృష్ణ అంటే కృష్ణుడేనని సర్దుకుందామన్నా అటూ ఇటూ ఆ ఇద్దరూ ఉన్నారు. పేర్లు పెట్టినవాళ్లెవరో గాని, మన వాదనకు తీరని నష్టం చేశారు.

ఆడపిల్లలకు ఈ పాటలకు జుట్టు విరబోసుకుని తల ఊపడం నప్పదంటారు కొందరు పెద్దలు. వాళ్లు అమ్మవారి పండక్కి వెళ్లినట్టు లేరు. డప్పు దరువుకి పూనకం వచ్చి ఊగే ఆవిడకి మనం వంగి దండం పెడతాం. ఆవిణ్ణి ఆపి మూడు పాటలు చెప్పమనే మగాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

కాబట్టి టీషర్టుకు అర్హత పరీక్ష పెట్టాలని కోరుతున్నాను. సిలబస్‌లో కొన్ని మినహాయింపులు తప్పవు. 1978లో లండన్‌లో మొదలై, 1981లో మోటర్‌హెడ్ అనే బ్యాండుతో కలిసి చేసిన రికార్డుతో బ్రిటన్ చార్టుల్లో అయిదో స్థానం దాకా వెళ్లిన గర్ల్‌స్కూల్ అనే ఆడవాళ్ల బ్యాండు గురించి అడగకూడదు. 2014 దాకా ఆర్చ్ ఎనిమీ అనే స్వీడన్ మెటల్ బ్యాండులో గర్జించిన ఆంగెలా గోసో గురించి అసలే వద్దు. హిజాబ్ వేసుకుని 2024లో బ్రిటన్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వేదికెక్కిన ఇండోనేషియా అమ్మాయిలు, వాయిస్ ఆఫ్ బాచెప్రోత్ బ్యాండు, కూడా అవుటాఫ్ సిలబస్సే. పేపర్లు దిద్దేవాళ్లకు ఇబ్బంది అవుతుంది.

దరఖాస్తు మీద అన్నయ్య సంతకం తప్పనిసరి. అన్నయ్య లేనివాళ్లు గెజిటెడ్ ఆఫీసర్ చేత చేయించుకోవచ్చు. ఫీజు అయిదు వందలు. మగపిల్లలకు ఫీజు లేదు, పరీక్షా లేదు.