మొహమాటం లేని మెషీను గారికి

మహారాజశ్రీ మెయిన్ గేటు ఫేస్ అటెండెన్స్ మెషీను గారి దివ్య సముఖానికి, థర్డ్ ఇయర్ చివరి బెంచీ నుంచి నమస్కరించి రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

సముఖం అనే మాట పాత ఉత్తరాల్లో మర్యాద కోసం రాసేవారట. మీ విషయంలో అది అక్షరాలా నిజం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చి, చెమట తుడుచుకుని, మీ ఎదుట ముఖం పెట్టి నిలబడితే గానీ మాకు తెల్లారదు. కొండమీద దుర్గమ్మ కూడా క్యూలో వచ్చినవాడిని కళ్ళజోడు తీసి, గడ్డం పైకెత్తి, ఇంకాస్త దగ్గరకి రమ్మని అడగదు. మీరు అడుగుతారు.

మా బెంచీవాడి సంగతి మీకు గుర్తుండదు, గుర్తులేకపోవడమే కదా గొడవ. వాడు మొన్న భవానీ దీక్ష తీసుకున్నాడు. ఎర్రబట్టలు, నుదుట కుంకుమ, రోజురోజుకీ పెరిగే గడ్డం. మూడో వారానికి మీరు వాణ్ణి మర్చిపోయారు. ఆఫీసుకు వెళ్ళి బతిమాలుకుని గడ్డంతో మళ్ళీ ఫోటో ఎక్కించుకున్నాడు. దీక్ష విరమించి గుండుతో వచ్చేసరికి మీకు మళ్ళీ పరాయివాడైపోయాడు. తొమ్మిది రోజులు ఆబ్సెంట్. హాజరు 75 శాతం దాటాలి కాబట్టి, తగ్గినదాన్ని మాఫీ చేయించుకోవడానికి ఇప్పుడు కండొనేషన్ ఫీజు కట్టే టెన్షన్‌లో ఉన్నాడు. అమ్మవారికి జుట్టిచ్చాడు, మీకు డబ్బిస్తున్నాడు.

అదే రోజు గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ వాణ్ణి యాభై అడుగుల దూరం నుంచే పట్టేశాడు. “ఏరా, గుండు బానే ఉందే, ప్రసాదమేది?” అన్నాడు. ఆయన దగ్గర డేటాబేస్ లేదు. ఒక కంటికి శుక్లం కూడా ఉంది. ఇంకో విషయం, ఆయన గుర్తుపట్టడమే కాదు, గుర్తుపట్టనట్టు ఉండటం కూడా తెలిసిన మనిషి. మధ్యాహ్నం గోడవారగా జారుకునేవాణ్ణి చూసి చెట్టుకేసి తిరిగేవాడు. దాన్నే మేం మొహమాటం అంటాం. మొహం ఉన్నవాళ్ళకే ఉంటుంది లెండి. మీకున్నది కెమెరా.

ముఖం చూసి బొట్టు పెట్టడం మీ వంశంలోనే ఉందని ఈ మధ్యే చదివాను. 2018లో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు మీ దాయాదుల్ని పరీక్షించారు. మూడు పెద్ద కంపెనీల ప్రోగ్రాములకు ముఖాలు చూపించి ఆడో మగో చెప్పమన్నారు. తెల్లతోలు మగవాళ్ళ దగ్గర పొరపాటు ఒక శాతంలోపే. ముదురు రంగు ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఒక ప్రోగ్రాం 34 శాతం పైగా తప్పింది. ఆ తరవాత మీవాళ్ళు కొంత బాగుపడ్డారంటున్నారు. కావచ్చు. మా బెజవాడ ఎండలో ఏప్రిల్ నెలంతా తిరిగి వచ్చిన ముఖాన్ని జూన్‌లో అడ్మిషన్ నాటి ఫోటోతో పోల్చి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంతకీ మా ముఖాలు మీకెవరిచ్చారు? నేను ఆఫీసులో అడిగాను. అడ్మిషన్ రోజు సంతకం పెట్టారుగా అన్నారు. నిజమే. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మా నాన్న ఆ రోజు ఇంగ్లీషు కాగితాల మీద, వేలు చూపించిన చోటల్లా పద్నాలుగు సంతకాలు పెట్టారు. అందులో ఒకటి హాస్టల్ మెస్ గురించి, ఒకటి ర్యాగింగ్ గురించి, మిగతావాటిలో ఎక్కడో నా ముఖం ఉంది.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఫలానా పనికని, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టంగా ఇచ్చేది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో గానీ అడిగి చదువుకోవచ్చు. అంటే తెలుగులో కూడా. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, సంస్థలు సర్దుకోవడానికి 18 నెలలు గడువిచ్చారు. మాకైతే అసైన్‌మెంటుకు రెండు రోజులు కూడా ఇవ్వరు.

ఆ ఫోటోలు ఎక్కడుంటాయి సార్ అని కూడా అడిగాను. క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయన్నారు. మబ్బుల మీద నమ్మకం 2024 సెప్టెంబరుతోనే పోయింది మాకు. బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మీద పడ్డ రోజున మా మేనత్త ఇంట్లో మొదట తడిసింది బీరువా అడుగు అరలోని సర్టిఫికెట్లే. తిరిగి తిరిగి డూప్లికేట్లు తెచ్చుకున్నారు. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. ముఖం పోతే డూప్లికేటుకు ఏ కౌంటర్లో అప్లై చెయ్యాలో ఆఫీసువాళ్ళు చెప్పలేదు.

ఇక్కడి దాకా రాసి ఉత్తరం ముగించేద్దామనుకున్నాను. మీరు దొంగ, నేను సాధువు, బాగుండేది. కానీ మీ జ్ఞాపకశక్తి గేటు దాకానే కాబట్టి లోపల జరిగింది మీకు తెలియదు.

ఈ సెమిస్టర్‌లో మాకు డిజిటల్ మీడియా నీతి అని ఒక పేపరుంది. ఇంటర్నల్‌లో ‘సమ్మతి గురించి రాయుము, పది మార్కులు’ అని వచ్చింది. పైన చెప్పిన చట్టం ముక్కలన్నీ దంచి కొట్టాను. తొమ్మిది పడ్డాయి. అదే మధ్యాహ్నం ల్యాబులో మా క్లాసు అమ్మాయి ఒకతె కీబోర్డు మీద తలపెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయింది. నేను ఫోటో తీశాను. పక్కవాడు చుట్టూ కత్తిరించి స్టికర్ చేశాడు. సాయంత్రానికి మూడు సెక్షన్ల గ్రూపుల్లో, ‘గుడ్ నైట్’ అనాల్సిన ప్రతిచోటా ఆ అమ్మాయే.

ఆమె రెండు రోజులు కాలేజీకి రాలేదు. మీరు మీ పద్ధతిలో రెండు రోజులూ ఆబ్సెంట్ వేశారు, వాళ్ళ నాన్నకు మెసేజీలు పంపారు. మూడో రోజు వచ్చింది. నేను గ్రూపులో డిలీట్ చేశాను, కానీ దాచుకున్నవాళ్ళ ఫోన్లలో స్టికర్ అలాగే ఉంది. సారీ చెప్పాలని రెండుసార్లు వాళ్ళ బెంచీ దాకా వెళ్ళాను. ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలో తెలియక ఛార్జర్ అడిగి తెచ్చుకున్నాను. నా బ్యాగులో ఛార్జర్ ఉంది.

వాళ్ళ అమ్మగారి టిఫిన్ బండి పటమటలో ఉంది. ఉదయం నాలుగింటికి లేచి పిండి, చట్నీ చూసుకుని కాలేజీకి వస్తుందని నాకు తరవాత తెలిసింది. ముందే తెలిస్తే తీసేవాణ్ణి కాదని మీకు మాట ఇవ్వలేను.

ఇప్పుడు ఆమె ల్యాబులో తల వాల్చేముందు, స్కూటీ మీద ఎండకి కట్టుకునే చున్నీనే ముఖం మీదికి లాక్కుంటోంది. పొద్దున మీ ముందు మాత్రం తీయక తప్పట్లేదు.

ఇట్లు,
తమ స్క్రీన్ మీద నిన్న ‘ముఖం సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి’ అనిపించుకున్నవాడు