స్వయంకృతాపరాధం గారికి ఒక బహిరంగ లేఖ

తిరుపతి,
ఆదివారం, పేపర్లు దిద్దడం మధ్యలో ఆపి.

మహారాజశ్రీ స్వయంకృతాపరాధం గారికి,

నమస్కారం. ఇంగ్లీషు క్లాసులో తమరిని ట్రాజిక్ ఫ్లా అంటాం, అంటే నాటకంలో నాయకుడి పతనానికి కారణమైన అతని సొంత లోపం. గ్రీకు కూడా వచ్చినట్టు కనబడాలనుకున్న రోజున హమార్షియా అంటాం. బస్టాండు నుంచి నడిచొచ్చేంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్నాను. చెప్తున్నానంటే, డిక్టేట్ చేస్తున్నాను. షేక్‌స్పియర్ నాయకుల్లో మాక్‌బెత్ అనగానే అత్యాశ, ఒథెల్లో అనగానే అనుమానం, హామ్లెట్ అనగానే నాన్చుడు, లియర్ అనగానే అహంకారం. పిల్లలు ఎక్కాల్లాగా అప్పజెప్తారు. పది మార్కుల ప్రశ్నకి తమరి పేరు రాసి కింద గీత గీస్తే సగం మార్కులు అక్కడే పడిపోతాయి. ఇన్నేళ్ళూ తమరి ఉప్పు తిన్నవాణ్ణే. అయినా నాలుగు మాటలు అనక తప్పడం లేదు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ నాటకాల గురించి రాసిన పొయెటిక్స్‌లో తమరి పేరెత్తినప్పుడు తమరిది చాలా చిన్న ఉద్యోగం. ఆ గ్రీకు మాటకి మూలార్థం గురి తప్పడం. బాణం ఒకచోటికి వదిలితే ఇంకోచోట పడిందన్నమాట. మరీ మంచివాడూ మరీ చెడ్డవాడూ కాని మనిషి, దుర్మార్గం వల్ల కాకుండా ఏదో పొరపాటు వల్ల పడిపోవాలి అన్నాడాయన. వట్టి దుర్మార్గుడు కూలితే అది ట్రాజెడీ కానే కాదు అని కూడా అన్నాడు. ఈ రెండో ముక్క తిరుపతిలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. మే నెలలో గంగమ్మ జాతర వస్తుంది. ఊరి కొత్త పెళ్ళికూతుళ్ళ మీద కన్నేసిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటాడు, ఆమె దొర వేషంలో వస్తే బయటికొచ్చి తల పోగొట్టుకుంటాడు. "పాపం, ఇంకొక్కరోజు ఓపిక పట్టుంటే బతికేవాడే, తొందరపాటే అతని లోపం" అని తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఎవరైనా కళ్ళు తుడుచుకోగా నేను చూడలేదు.

మరి ఇంత చిన్న ఉద్యోగి ఇంత పెద్ద అధికారి ఎలా అయ్యారు? 1904లో ఎ.సి. బ్రాడ్లీ అనే ఇంగ్లీషు విమర్శకుడు షేక్‌స్పియర్ ట్రాజెడీల మీద తన ఉపన్యాసాలను పుస్తకంగా వేశాడు. మనిషి పతనం అతని స్వభావంలోంచి, అతను చేసిన పనుల్లోంచి పుడుతుందని చెప్పాడు. వందల పేజీల్లో, ఎంతో జాగ్రత్తగా, మధ్యలో కాకతాళీయంగా జరిగేవాటికి కూడా చోటిచ్చి చెప్పాడు. అదంతా గైడులోకి దిగేసరికి మనిషికి ఒక మాట చొప్పున మిగిలింది. మా చిత్తూరు వైపు చెరకురసం కాచి కాచి అచ్చుబెల్లం దించితే కనీసం తీపైనా మిగులుతుంది.

గ్రీకు నాటకంలోని ఈడిపస్ సంగతి తమరికి గుర్తు చెయ్యాలా? తండ్రిని చంపుతావని జోస్యం చెప్తే, ఆ పాపం చెయ్యకూడదని, తండ్రి అనుకున్నవాడి ఊరే వదిలి పారిపోయాడు. ఆ పారిపోయిన దారిలోనే అసలు తండ్రి ఎదురయ్యాడు. గైడులో దీనికి రాసింది "గర్వం".

ఒథెల్లో దగ్గర తమరు చేసింది ఇంకా అన్యాయం. భార్య మీద ఒథెల్లోకి అనుమానం రేపిన ఇయాగో మొదటి సీను నుంచీ పనిమీదే ఉన్నాడు. తన పెళ్ళాం చేత ఒథెల్లో భార్య రుమాలు సంపాదించాడు, దాన్ని ఆమె ప్రియుడని తాను నమ్మించబోయే కాసియో గదిలో పడేశాడు, ప్రతి మాటా సగం చెప్పి సగం మింగాడు. పరీక్షలో మాత్రం పది మార్కులూ ఒథెల్లో అనుమానానికి. ఇయాగోకి షార్ట్ నోట్, అదీ ఛాయిస్‌లో. కొంప కూల్చినవాడు రచ్చబండ మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే మేం కొంప కూలినవాడి జాతకం రాస్తున్నాం.

లియర్‌ని అయితే మా వీధిలో పుస్తకం లేకుండానే చెప్పొచ్చు. బతికుండగానే రాజ్యం కూతుళ్ళకి పంచేసి, నెలకొకరి దగ్గర వంతు పెట్టుకున్నాడు, వెంట నూరుమంది భటులు. పెద్దమ్మాయి యాభైమంది చాలంది. రెండో అమ్మాయి ఇరవై ఐదు అంది. తర్వాత పది, ఐదు, చివరికి అసలు ఒక్కడు మాత్రం ఎందుకు అన్నారు. మా వీధిలో రిజిస్ట్రేషన్ అయిన మూడో నెల నుంచి తగ్గేది భటులు కాదు. ముందు పాలు, తర్వాత న్యూస్ పేపరు, ఆ తర్వాత బీపీ మాత్రలు. అరుగు మీద కూర్చున్న ఆ పెద్దాయన్ని చూసి దారిన పోయేవాళ్ళు "బతికుండగా రాసివ్వడం ఆయన తప్పు కాదా" అంటారు. తప్పే. మరి మాత్రలు తగ్గించిన చేతుల సంగతి ఎవరూ ఎత్తరు.

మనవాళ్ళు ఈ లెక్క వేరేగా కట్టేవాళ్ళండీ. కర్ణుడి చావుకి కారణాలు అనేకం అని ఊరుకోలేదు, ఒక పద్యంలో పేర్లు కూడా రాశారు. కర్ణుణ్ణి నువ్వొక్కడివే చంపావనుకోకు అంటాడు కృష్ణుడు అర్జునుడితో: నువ్వు, నేను, వరమడిగిన కుంతి, ఇంద్రుడు, భూదేవి, పరశురాముడు, మొత్తం ఆరుగురం. ఎఫ్ఐఆర్ అంటే అలా ఉండాలి. ఏ1 నుంచి ఏ6 దాకా పేర్లు, అందులో రాయించేవాడే ఏ2. కర్ణుడు గురువుకి అబద్ధం చెప్పిన సంగతి ఎవరూ దాచలేదు. దాంతో మిగతా ఆరుగురినీ ఇంటికి పంపలేదు, అంతే.

చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖర్న దుర్యోధన వధ, ఆపైన అగ్నిగుండం. వధ రోజు మట్టి దుర్యోధనుడు మైదానంలో వెల్లకిలా పడుకుని ఉంటాడు, కాళ్ళ దగ్గర నిలబడిన పిల్లాడికి కిరీటం కనబడనంత మనిషి. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని చూశాను. భీముడి వేషగాడు గద ఎత్తి ఆ తొడ మీద కొట్టాడు, జనం ఈలలు వేశారు. అవ్వ మాత్రం "బొడ్డు కింద కొట్టకూడదు కదరా నాయనా, ఇదేం న్యాయం" అంది. ద్రౌపదమ్మకి మొక్కుకుని, ఒక్కపొద్దు ఉండి, ఇంకాసేపట్లో గుండం తొక్కబోయే మనిషి! దుర్యోధనుడి పాపాలన్నీ ఆమెకి నోటికొచ్చు. అయినా ఆ దెబ్బని కొట్టినవాడి ఖాతాలోనే రాసింది. చాలా ఏళ్ళ తర్వాత భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగం చదివాను. దుర్జయుడనే చిన్నపిల్లాడు అలవాటుగా తండ్రి ఒడిలో కూర్చోబోతాడు. తొడలు విరిగి పడున్న దుర్యోధనుడు వద్దంటాడు. ఆ సీనంతా వెతికాను, తమరు కనబడలేదు. ఆ రోజు సెలవు పెట్టారేమో.

నాటకాల్లోనే ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. తమరు ఇళ్ళలోకి కూడా వచ్చేశారు. మా మేనమామ ఆరెకరాల్లో తోతాపురి పెట్టాడు. ఒక ఏడు కాపు విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు మూడు రోజులు నిలబడింది, కాయ మెత్తబడింది, కోత కూలి కూడా రాలేదు. ఆ నెలలోనే ఒక పెళ్ళి భోజనాల దగ్గర, రెండోసారి సాంబారు వడ్డించేలోపల, చుట్టాలు తీర్పు చెప్పేశారు: "వాడికి ఆశెక్కువ. వేరుశనగ వేసుకోకుండా మామిడికి పోయాడు." ముందటేడు ధర పలికినప్పుడు దూరదృష్టి అన్నది కూడా వీళ్ళే. గేటు లోపల ఉన్నవాళ్ళ పేరు ఆ పంక్తిలో ఒక్కరూ ఎత్తలేదు. తమరు పక్కనే కూర్చుని పాయసం తాగుతున్నట్టు నాకనిపించింది.

ఇక అసలు విషయం. ఈ పొద్దున ఇంటర్నల్ పేపర్లలో ఒక అమ్మాయి జవాబు చూశాను. ఒథెల్లో పతనానికి కారణమైన లోపం ఏమిటి అని ప్రశ్న. "ఇయాగోని నమ్మడం" అని రాసింది. కింద ఇంకా ఇలా ఉంది: "ఆ నాటకంలో అందరూ ఇయాగోని నిజాయితీపరుడనే అన్నారు, అందరూ నమ్మారు. అందరిలో ఉన్నదాన్ని ఒక్కడి లోపం అని ఎలా అంటాం సార్?" కీలో ఉన్న మాట జెలసీ, అదే అనుమానం. పేజీ తిప్పి మళ్ళీ చూశాను, ఆమె ఎక్కడా రాయలేదు. పదికి రెండున్నర వేశాను.

రేపు పేపర్లు పంచాలి. ఆమె లేచి అడుగుతుంది, అడిగే రకమే. మాస్టారి పిరికితనం అని తమరు ఒక్క మాటలో తేల్చేస్తారని తెలుసు. కానీ కీ తయారు చేసినవాళ్ళున్నారు, గైడు అచ్చేసినవాళ్ళున్నారు, సాయంత్రంలోగా అరవై పేపర్లు దిద్దాలన్నవాళ్ళున్నారు, ఇరవై రెండేళ్ళు డిక్టేట్ చేసిన నేనున్నాను. ఐదో పేరుగా తమరిని రాసుకుంటున్నాను, అభ్యంతరం ఉంటే సోమవారం మొదటి పీరియడ్‌లోపు తెలియజేయగలరు. ఆరో పేరు ఇంకా దొరకలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఏ4