అరవై వేల బిల్లు, పది వేల బేరం

రంగం: విజయవాడలో ఒక ఇంటి ముందుగది, 2026 ఆగస్టు. బల్ల మీద 2021 ఆగస్టులో 60,000 రూపాయలకు కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ పదకొండో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఆఫీసువాళ్లు కొత్తది ఇవ్వడంతో బావకు దీనితో పని లేకుండా పోయింది. బావమరిది కూతురు ఇంజినీరింగులో చేరింది. బావ 30,000 అడిగాడు. బావమరిది 10,000 అన్నాడు.

బావ: పది వేలా! అరవై వేలు పోసి కొన్న వస్తువయ్యా. బిల్లు దాచాను, అట్టపెట్టె కూడా దాచాను. అందులో సగం అడగడం కూడా అన్యాయమేనా?

బావమరిది: బిల్లు చూశాను బావగారూ. దాని మీద ఉన్న తేదీ కూడా చూశాను. అవి కరోనా రోజులు. ఇంటి నుంచే ఉద్యోగాలు, ఆన్‌లైన్ చదువులు, పైగా చిప్పుల కొరత. దుకాణంవాడు చెప్పిందే ధర. అప్పటి మీ అవసరానికి మీరు ఎక్కువ పెట్టారు. అందులో సగం ఇప్పుడు నా నెత్తిన ఎందుకు?

బావ: మరి నీ పది వేలు ఏ లెక్క?

బావమరిది: ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల. మీ అరవై వేలు మొదటి ఏడాదికి 36,000, ఆపైన 21,600, తర్వాత 12,960, ఆ తర్వాత 7,776. ఐదేళ్లు నిండేసరికి 4,666. నేను అందుకు రెట్టింపు పైనే ఇస్తానంటున్నాను.

బావ: ఆ లెక్క ఆడిటరు దగ్గర చెప్పు. వ్యాపారి తన ఆదాయంలోంచి ఎంత మినహాయించుకోవచ్చో చెప్పడానికి పెట్టిన అంకె అది. బజారులో వస్తువు ఎంత పలుకుతుందో దానికేం తెలుసు? ఆ రేటు ఒకప్పుడు 60 శాతం. 2017 ఏప్రిల్ నుంచి 40కి దించారు. ఆ రోజు పొద్దున్నే దేశంలోని పాత కంప్యూటర్లన్నిటి ధరలూ పెరిగాయా?

(బావమరిది దగ్గర దీనికి జవాబు లేదు. ఉండే అవకాశమూ లేదు.)

బావమరిది: సరే, పన్ను లెక్క వదిలేస్తాను. మీరు బిల్లు వదిలేయండి. రెండూ గడిచిపోయిన కాలానివే. నా చేతిలో డబ్బు ఉంటే ఈ రోజు దీనికి బదులు ఏం కొనగలను, ఆ ఒక్కటే చూద్దాం.

బావ: చూడు మరి. ఈ స్థాయి కొత్తది యాభై వేలకు తక్కువ దొరకడం లేదు. మెమరీ చిప్పులన్నీ ఏఐ సర్వర్లకు పోతున్నాయి. గత ఏడాది చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. కొత్తది పైకి పోతే పాతదీ దానితో పాటే పోతుంది. ఇంకొకటి విను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఇది పదకొండో తరం. ఆ గండం దాటేసింది.

బావమరిది: ర్యామ్ మాట ఒప్పుకుంటాను. నేను కూడా కనుక్కున్నాను, గుండె ఆగినంత పనయింది. కానీ గండం ఒక్కసారే వస్తుందని ఎవరు చెప్పారు? ఏడో తరం కొన్నవాళ్లకు 2017లో ఇలాగే చెప్పి ఉంటారు. యంత్రం నిక్షేపంలా ఉండగానే రెడ్‌మండ్‌లో కూర్చున్న మైక్రోసాఫ్ట్‌వాళ్లు ఒక గీత గీశారు, ధర పడిపోయింది. మా అమ్మాయికి ఇది నాలుగేళ్లు కావాలి. సరే, ముందు మూత తెరవనివ్వండి.

(తెరిచాడు. ఎడమవైపు హింజ్ దగ్గర, అంటే మూత తిరిగే కీలు దగ్గర, తెర అంచు కొద్దిగా పైకి లేచింది. వేలు పెట్టి నొక్కితే టిక్కున లోపలికి వెళ్లి, వదలగానే మళ్లీ లేచింది.)

బావ: అదేమీ లేదు. స్క్రూ వదులైంది, బిగిస్తే సరి.

బావమరిది: స్క్రూ గట్టిగానే ఉంది బావగారూ. అది కూర్చునే ఇత్తడి గొట్టం ప్లాస్టిక్‌లోంచి ఊడివచ్చింది. ఇలాగే వాడితే ఒక రోజు మూత తెరిచేటప్పుడు తెర పగులుతుంది. ఇక బ్యాటరీ చూద్దాం.

(విండోస్‌లోనే ఉన్న బ్యాటరీ నివేదిక తీశాడు. తయారైనప్పటి సామర్థ్యం 45,000 మిల్లీవాట్ అవర్లు. ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే పట్టేది 28,350.)

బావమరిది: అరవై మూడు శాతం. కళాశాలలో మధ్యాహ్నానికే ఛార్జర్ వెతుక్కోవాలి.

బావ: ఎస్‌ఎస్‌డీ కూడా చూడు. చెడ్డవి మాత్రమే చదివితే ఎలా?

బావమరిది: చూశాను. ఆరోగ్యం 91 శాతం. బాగుంది. కీబోర్డు మీద అక్షరాలు నునుపెక్కాయి, దానికి నేనేమీ తగ్గించను.

బావ: ధన్యుణ్ణి.

బావమరిది: ఇప్పుడు అసలు మాట. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అక్కడ తిరిగాను. ఇదే తరం, ఇదే ర్యామ్, మూడు నెలల వారంటీతో 22,000 అన్నారు. దాని మూత గట్టిగా ఉంది, బ్యాటరీ కొత్తగా వేశారు. అంటే నేను మీకు ఇవ్వగలిగిన దానికి అది పైహద్దు. కిందిహద్దు మీకే తెలియాలి. మీరు అమ్మకానికి ఎక్కడా అడగకుండా ఉంటారా?

బావ: (కాస్త ఆలస్యంగా) అడిగాను. ఒక దుకాణంవాడు పదమూడు వేలు ఇస్తానన్నాడు.

బావమరిది: చూశారా, మీ ముప్పై, నా పది రెండూ గాలికి పోయాయి. పదమూడుకు, ఇరవై రెండుకు మధ్య ఉన్న తొమ్మిది వేలు దుకాణంవాడి మార్జిన్. మధ్యలో వాడు లేడు కాబట్టి ఆ తొమ్మిది వేలు మనిద్దరం పంచుకోవాలి. బేరం అంతా అంతే.

బావ: అయితే సగం సగం. 17,500. లేవనా?

బావమరిది: కూర్చోండి. ఆ తొమ్మిది వేలూ దుకాణంవాడు ఊరికే తినడు. బ్యాటరీ వేస్తాడు, హింజ్ బాగుచేస్తాడు, వారంటీ ఇస్తాడు. బ్యాటరీకి నాలుగు వేలు, హింజ్‌కు పదిహేను వందలు తీస్తే నా పైహద్దు 16,500. మీకు పదమూడు చెప్పినవాడు దీన్ని చేతిలోకి తీసుకుని చూశాడా?

బావ: ఫోనులో చెప్పాడు.

బావమరిది: హింజ్ సంగతి చెప్పారా?

బావ: వాడు అడగలేదు. అయినా దుకాణంలో సరుకు సంగతి నీకేం తెలుసు? ఏ ఆఫీసులో ఎందరు బాదారో, లోపల ఏ బోర్డుకు ఎన్నిసార్లు టంకం పెట్టారో! దీని మీద కాఫీ ఒలకలేదు, ఇది ఎవరి చేతిలోంచీ పడలేదు, ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ మాటకు విలువ లేదా?

బావమరిది: ఉంది. కానీ అది మీకు తెలిసిన సంగతి, నాకు కాదు.

బావ: అంటే నా మాట మీద నమ్మకం లేదు.

బావమరిది: మాట మీద ఉంది బావగారూ, మదర్‌బోర్డు మీద లేదు. మూడో నెలలో అది పోతే దుకాణంవాడితో అయితే పోట్లాడతాను. మీతో ఎలా పోట్లాడను, మధ్యలో అక్క ఉంది. కావలసినవాళ్ల దగ్గర కొంటే వారంటీ ఉండదు, అడిగే నోరూ ఉండదు. అందుకే ఇంకాస్త తగ్గించమంటున్నాను.

బావ: నా వైపు నుంచి చూడవేం? దుకాణంవాడి బాధ్యత మూడు నెలలకు తీరిపోతుంది. నాకు మేనకోడలు డిగ్రీ పుచ్చుకునే దాకా ఫోన్లే. వైఫై రాకపోయినా నేనే, ప్రింటర్ కదలకపోయినా నేనే. పండక్కి వస్తే విస్తరి ముందు కూడా ఆ ల్యాప్‌టాపే. ఆ చాకిరీకి ఎవరిస్తారు డబ్బు?

(ఇక్కడ మాత్రం బావ పక్షం బలంగా ఉంది. పాత వస్తువు అయినవాళ్లకు అమ్మినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.)

బావమరిది: అయితే ఏమంటారు?

బావ: హింజ్ నేనే బాగుచేయించి ఇస్తాను, ఆ పదిహేను వందలు నీ తీసివేతలోంచి పోయాయి. అంటే నీ లెక్కలోనే 18,000. నాకు 17,000 ఇవ్వు. అదీ ఒక్కసారిగా కాదు. పద్నాలుగు ఇప్పుడు, మూడు వేలు దీపావళి వెళ్లాక. ఈలోగా బోర్డు గానీ తెర గానీ దానంతట అదే పోతే ఆ మూడు వేలు నేను అడగను.

బావమరిది: దానంతట అదే అంటే?

బావ: మీ అమ్మాయి దాని మీద టీ పోస్తే అది దానంతట అదే పోవడం కాదు.

బావమరిది: ఒప్పుకున్నాను. ఛార్జర్ ఇందులోనే కదా?

బావ: ఛార్జర్ ఇందులోనే. బ్యాగు ఆఫీసుది, దాని జోలికి రాకు.

బావమరిది: డబ్బు ఇప్పుడే పంపుతాను. ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతా అందులోంచి తీసేసి, పూర్తిగా రీసెట్ కొట్టండి. ఫైళ్లు చెరిపితే చాలదు.

బావ: ఉండవయ్యా, ఐదేళ్ల ఫొటోలు ఉన్నాయి. ఒక హార్డ్ డిస్క్ కొనుక్కుని రానివ్వు.