నడినెత్తి చుక్క నెల తర్వాత ఎన్నింటికి వస్తుంది?

మా అక్క ఫోన్ చేసి "ట్యూటర్‌ని చూడరా" అంది. హైదరాబాద్‌లో ట్యూటర్లకేం కరువు? నాచారం నుంచి హబ్సిగూడ వచ్చేలోపు ఏ కరెంటు స్తంభం చూసినా నాలుగు ఫోన్ నంబర్లు అంటించి ఉంటాయి. అదే మాట అన్నాను. "ఫిజిక్స్ ఒక్కటే అయితే నిన్నెందుకు అడుగుతాను? ఆస్ట్రానమీ కూడా చెప్పాలట" అంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా మేనకోడలు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. హాస్టల్‌లో వేయలేదు కాబట్టి సాయంత్రాలు ఇంకా దాని చేతిలోనే ఉన్నాయి. నవంబర్‌లో జరిగే ఆస్ట్రానమీ ఒలింపియాడ్ మొదటి దశ పరీక్ష రాస్తానంటుంది. దాన్ని భారత భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం, అంటే ఐఏపీటీ నిర్వహిస్తుంది. అది దాటితే ముంబైలోని హోమీ భాభా సెంటర్ పెట్టే రెండో దశ ఉంటుంది. దాన్నీ దాటి, శిబిరంలో కూడా నెగ్గిన పిల్లలే అంతర్జాతీయ పోటీకి వెళ్తారు. 2025 ఆగస్టులో ఆ పోటీ ముంబైలోనే జరిగింది. అక్కడ థియరీ పేపర్ ఒక్కటే కాదు, కొలతల పట్టిక ఇచ్చి లెక్క తేల్చమంటారు, ఆకాశం చూపించి చుక్కల్ని గుర్తుపట్టమంటారు. మన ఇంటర్ ఫిజిక్స్‌లో గురుత్వాకర్షణ పాఠం ఒకటి ఉంది, కెప్లర్ నియమాలు ఉన్నాయి. తల ఎత్తి చూడాల్సిన పని మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

మొదట ఒక హోమ్ ట్యూషన్ ఏజెన్సీ ద్వారా ఒక సార్ వచ్చారు. పన్నెండేళ్ల అనుభవం, ఫోన్ నిండా ర్యాంకుల ఫొటోలు. భూమి బరువు అంతే ఉండి వ్యాసార్థం సగమైతే జీ విలువ ఎంతవుతుందంటే పెన్ను తీయకుండానే నాలుగు రెట్లు అన్నారు. సరే, ఇంకోటి అడిగాను. "ఈ రాత్రి ఎనిమిదింటికి ఒక చుక్క సరిగ్గా నడినెత్తిన ఉంది. నెల తర్వాత అదే చుక్క నడినెత్తికి ఎన్నింటికి వస్తుంది?" ఆయన నవ్వి, "ఇది ఔట్ ఆఫ్ సిలబస్ సర్" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఎంసెట్‌కి (పేరు మారింది కానీ ఇళ్లలో ఇంకా ఎంసెటే) ఆయనంత మనిషి దొరకరు. ఒక లెక్కకు నిమిషం మించకూడదన్నది ఆయన వృత్తి. మా అమ్మాయికి కావలసింది ఒక లెక్క మీద గంట కూర్చునే మనిషి.

ఇక తెలిసినవాళ్లందరికీ రెండు వాక్యాల మెసేజ్ పంపాను. ఫిజిక్స్, ఆస్ట్రానమీ చెప్పగల యూనివర్సిటీ స్టూడెంట్ కావాలి, వారానికి రెండు సాయంత్రాలు అని. జవాబులు బాగానే వచ్చాయి. దాదాపు అందరూ బీటెక్, అందులోనూ కంప్యూటర్ సైన్సే. "ఫిజిక్స్ ఇంటర్‌లో బాగా చేశానన్నా, రివైజ్ చేసుకుని చెప్పేస్తా" అని ఒక అబ్బాయి నిజాయితీగా రాశాడు. ఒక ట్యూటర్ కోసం వెతికితే మన రెండు రాష్ట్రాల్లో ఫిజిక్స్ ఏ స్థితిలో ఉందో ఇలా బయటపడుతుంది. ఎంపీసీలో లక్షల మంది చేరతారు. వాళ్లలో ఫిజిక్స్ అంటే ఇష్టమున్నవాళ్లకు కూడా ఇంట్లో వినబడేది ఒకటే మాట: ముందు సీఎస్‌ఈ సీటు కొట్టు, ఇష్టాల సంగతి తర్వాత చూద్దాం. బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరితే "ఏమైంది, ర్యాంకు రాలేదా?" అని పరామర్శిస్తారు. ఆ పరామర్శలన్నీ తట్టుకుని ఎమ్మెస్సీ దాకా వచ్చినవాళ్లు కొద్దిమందే మిగులుతారు. మనం వెతకాల్సింది వాళ్ల కోసమే, వాళ్ల నంబర్లేమో స్తంభాల మీద ఉండవు.

ఎక్కడుంటారో చెబుతాను. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, కందిలో ఐఐటీ ఉంది. వీటిలో ఉస్మానియా కథ వేరు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత టెలిస్కోపుతో మొదలైంది నిజామియా వేధశాల. తర్వాత అది బేగంపేటకు మారింది, ప్రపంచ వేధశాలలన్నీ కలిసి ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసి పటం గీసే పనిలో తన వంతు మోసింది. 1919లో ఉస్మానియా కిందికి వచ్చింది. 1959లో యూనివర్సిటీలో ఖగోళశాస్త్రానికి విడిగా శాఖే పెట్టారు. ఊరి వెలుతురుకు దూరంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. అమెరికాలో చదువుకుంటూ 1949లో తోకచుక్కను కనిపెట్టిన వైను బప్పు తండ్రి నిజామియాలోనే పనిచేసేవారు. ఆ కుర్రాడు చదివింది నిజాం కాలేజీలో. ఇంత ఉన్న ఊళ్లో ఒక పిల్లకు చుక్కల లెక్క చెప్పే మనిషి కోసం నేను నెల రోజులు తిరిగాను.

చివరికి డిపార్ట్‌మెంట్‌కే వెళ్లి, కారిడార్‌లో కనబడ్డవాళ్లను అడిగాను. రెండు రోజుల తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఎమ్మెస్సీ రెండో ఏడు, నల్గొండ వైపు పల్లె, వ్యవసాయ కుటుంబం. ఆదివారం అక్క వాళ్లింటికి వచ్చింది. అదే ప్రశ్న అడిగాను. వెంటనే జవాబు చెప్పలేదు, కాగితం అడిగింది. మధ్యలో సూర్యుణ్ణి పెట్టి, చుట్టూ భూమి దారి గీసి, దూరంగా ఒక చుక్క పెట్టింది. కాసేపు గొణుక్కుని "పది గంటలకి" అని రాసింది. మళ్లీ బొమ్మ వంక చూసి, "కాదంకుల్, తప్పు. ముందుకు కాదు, వెనక్కి" అని పదిని కొట్టేసి ఆరు వేసింది.

ఆ కొట్టివేతే నాకు నచ్చింది. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే అయితే అది ఇదే: ఫిజిక్స్‌కు ట్యూటర్‌ని వెతికేవాళ్లు జవాబు ఎంత త్వరగా చెబుతారని కాదు, తప్పులోంచి ఎలా బయటపడతారో చూడాలి. ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మనిషికి తను మొదటిసారి ఎక్కడ తడబడ్డాడో గుర్తుండదు. దారి నున్నగా అరిగిపోయి ఉంటుంది. నాలుగేళ్ల కిందట అక్కడే పడి లేచిన స్టూడెంట్‌కు ఆ రాయి ఎక్కడుందో కాలికి తెలుసు.

వెనక్కి ఎందుకో మా మేనకోడలికి అర్థం కాలేదు. ఆ అమ్మాయి ఫార్ములా జోలికి పోలేదు. "మృగశిర కార్తె తెలుసా?" అంది. హైదరాబాద్‌లో తెలియనిదెవరికి, ఆ రోజు చేపల మార్కెట్‌లో కాలు పెట్టలేం. "కార్తె అంటే ఏంటి మరి?" పిల్ల నోరు తెరిచింది. నేనూ తెరిచాను. "సూర్యుడు మృగశిర చుక్కల దగ్గర ఉండే రోజులు. 27 నక్షత్రాలు, 365 రోజులు. ఒక్కోదాని దగ్గర పదమూడున్నర రోజులు. అంటే సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ జరుగుతున్నట్టు కనబడతాడు. నిజానికి జరిగేది మనం."

"అయితే చేపలు తినే రోజుల్లో మృగశిర కనబడదా?"

"పగలంతా నెత్తి మీదే ఉంటుంది. సూర్యుడి వెలుతురులో కనబడదు, అంతే. డిసెంబర్‌లో చూడు, అర్ధరాత్రికి నడినెత్తిన ఉంటుంది."

మిగతాది పిల్లే లెక్క కట్టింది. 360 డిగ్రీలకు 1,440 నిమిషాలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాబట్టి ఏ చుక్కయినా రోజుకు నాలుగు నిమిషాలు ముందే వచ్చేస్తుంది, నెలకు రెండు గంటలు. ఎనిమిదింటి చుక్క నెల తర్వాత ఆరింటికే నడినెత్తికి చేరుతుంది. మా నాయనమ్మకు కార్తెలన్నీ కంఠస్థం, మా మేనకోడలికి కోణాలన్నీ కంఠస్థం. ఆ రెండూ ఒకటేనని ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఇంకో చిన్న సంగతి. ఆ సార్‌ని మా అమ్మాయి "సర్" అంది, ఈ అమ్మాయిని "అక్కా" అంది. సర్‌తో "అర్థమైందా?" అంటే "అయింది సర్" అనడం మనకు బడిలోనే అలవాటైపోతుంది. అక్కతో "ఛీ, ఏం అర్థం కాలేదక్కా" అనొచ్చు. ఫిజిక్స్‌లో సగం పని ఆ మాట అనగలగడమే.

ట్యూషన్ పెట్టుకున్నది ఆస్ట్రానమీకి. మొదటి మూడు వారాలు చెప్పింది మాత్రం లాగరిథమ్స్. చుక్కల కాంతిని కొలిచే పద్ధతి తిరగేసి ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది, అయిదు మెట్లకు వంద రెట్ల తేడా. సిరియస్‌కు సుమారు మైనస్ ఒకటిన్నర, ధ్రువనక్షత్రానికి సుమారు రెండు. ఒకటి రెండోదానికంటే ఎన్ని రెట్లు వెలుగు? సుమారు ఇరవై అయిదు రెట్లు అని తేల్చాలంటే లాగ్ రావాలి. మా అమ్మాయికి లాగ్ సూత్రాలన్నీ వచ్చు, లాగ్ అంటే ఏమిటో రాదు. బ్లాక్ హోల్స్ గురించి గంటసేపు మాట్లాడగలదు కానీ గుండ్రటి బంతి మీద త్రిభుజం గీస్తే కోణాల మొత్తం 180 దాటుతుందంటే కొట్లాటకు దిగింది. బత్తాయి పండు మీద స్కెచ్ పెన్‌తో గీసి చూపిస్తే ఒప్పుకుంది. ఆస్ట్రానమీ మీద ఇష్టంతో వచ్చే పిల్లలు చాలామంది ఇలాగే ఉంటారు. వీడియోలు చూసి విశ్వం చివరిదాకా వెళ్లొస్తారు, త్రికోణమితి దగ్గర ఆగిపోతారు. మంచి ట్యూటర్ వాళ్లను నిరుత్సాహపరచకుండా కిందికి దించాలి. అది కష్టమైన పనే.

స్టూడెంట్ ట్యూటర్లతో తలనొప్పులు లేవని కాదు. సెమిస్టర్ పరీక్షలొస్తే మాయమవుతారు. జూన్, డిసెంబర్‌లలో నెట్ పరీక్ష, ఫిబ్రవరిలో గేట్ పరీక్ష, వాటికి ముందు నెల ఫోన్ ఎత్తరు. మా అమ్మాయి పరీక్ష నవంబర్‌లో, ఆమె నెట్ డిసెంబర్‌లో. ఇద్దరికీ ఒకేసారి టెన్షన్. ముందే క్యాలెండర్ ముందేసుకుని ఏ వారాలు రాలేరో రాసుకోకపోతే గొడవే. పీహెచ్‌డీ వాళ్లు ఇంకా బాగా చెబుతారు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, తీసుకునేవాళ్లు బయట జీతానికి పనిచేయకూడదన్న నిబంధన ఉంటుంది, వాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇదే జాగ్రత్త చెప్పాలి. పక్కింటి తెలుగు అబ్బాయి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఆస్ట్రోఫిజిక్స్ చదువుతున్నాడని మన పిల్లలకు డబ్బిచ్చి ట్యూషన్ పెట్టిస్తే, అనుమతి లేని పని కింద అతని వీసాకే ఎసరు వస్తుంది. అక్కడ యూనివర్సిటీలోనే ట్యూటరింగ్ సెంటర్లు ఉంటాయి, అతను పనిచేయాల్సింది అక్కడ.

డబ్బు సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. కోచింగ్ సెంటర్‌కు లక్షలు ఒకేసారి కట్టే ఇళ్లలోనే, స్టూడెంట్ ట్యూటర్ దగ్గరికొచ్చేసరికి బేరం మొదలవుతుంది. "చదువుకునే పిల్ల కదా, ఖర్చులకు ఏదో ఒకటి ఇద్దాం" అన్నది మా బావ. దానం చేస్తున్నట్టు ఉంటుంది ఆ మాట. ఇస్తున్నది ఆమె చదువుకు సాయం కాదు, మన పిల్ల చదువుకు జీతం. పైగా ఆ జీతంతో ఇంకో పని కూడా జరుగుతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లు మధ్యలో బ్యాంకు పరీక్షలకో, సాఫ్ట్‌వేర్ కోర్సులకో మళ్లేది ఫిజిక్స్ మీద ఇష్టం చచ్చి కాదు, హాస్టల్ మెస్ బిల్లు కట్టలేక. నెలకు ఎనిమిది తరగతుల డబ్బు సరిగ్గా అందితే కొందరు ఇంకో ఏడాది నిలబడతారు. గంటకు అయిదు వందలు, ఆటో డబ్బులు విడిగా అని అక్క ఖాయం చేసింది.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. ఆస్ట్రానమీ రాత్రి చదువు, ఆడపిల్ల హాస్టల్‌కు చీకటి పడేలోపు చేరాలి. వానలు వెళ్లాక నవంబర్ మొదట్లో ఒక శనివారం, వాళ్ల వార్డెన్‌తో అక్కే మాట్లాడి, రాత్రి ఆటోలో తనే దిగబెడతానని ఒప్పించింది. కోణమానిని, దారం, దారానికి ఒక నట్టు, కూల్‌డ్రింక్ స్ట్రా పట్టుకుని ముగ్గురూ మేడెక్కారు. ఉత్తరాన నీళ్ల ట్యాంకుకీ పక్కింటి సెల్ టవర్‌కీ మధ్య ధ్రువనక్షత్రం ఉందో లేదో అన్నట్టుంది. ఎత్తు కొలిస్తే ఎన్ని డిగ్రీలు వస్తుందో ఇంచుమించుగా మన ఊరి అక్షాంశం అదే. మా అమ్మాయి మూడుసార్లు కొలిచింది. 19, 16, 18.

"19 కొట్టేస్తా అక్కా. ఫోన్‌లో 17.4 అని ఉంది."

"నీకొచ్చింది రాయి. చెయ్యి వణికితే వణికిందని పక్కన రాయి. ఆ చుక్క సరిగ్గా ధ్రువం మీద లేదు, అర డిగ్రీ పైనే పక్కకుంటుంది, అదీ రాయి."

నెలాఖరున అక్క కవర్ తీసి లెక్క చూసింది. తరగతులు ఎనిమిది, డబ్బులు ఎనిమిదింటికే అడిగింది ఆ అమ్మాయి.

"మరి మేడ మీద మూడు గంటలు?"

"అది క్లాస్ కాదాంటీ, ఊరికే చూశాం కదా."

అక్క ఏమీ అనలేదు. ఇంకో మూడు నోట్లు కవర్‌లో పెట్టి ఇచ్చింది.