తోట గుత్తకు తీసుకునేవాడి లాభం

వ్యాపారవేత్త అంటే ఎవరన్న మీ వ్యాసం మొదటి భాగంలో ‘రిస్క్ తీసుకునేవాడే వ్యాపారవేత్త’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది చాలదండీ. అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే రిస్క్‌ను, అనిశ్చితిని విడదీశాడు. లెక్కకట్టగలిగే రిస్క్‌కు బీమా దొరుకుతుంది. లెక్కకు అందని అనిశ్చితిలోనే అసలు లాభం పుడుతుంది.

మా చిత్తూరు వైపు తోతాపురి మామిడి తోటను పూత మీదే గుత్తకు తీసుకునే వ్యాపారిని చూడండి. చెట్టు చెట్టూ తిరిగి, కొమ్మ వంచి పూత చూసి, రైతుకు అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. కాయ కోతకొచ్చేనాటికి గుజ్జు ఫ్యాక్టరీ కిలోకు ఎంతిస్తుందో ఎవరికీ తెలియదు. కొనే ధర ఖాయం, అమ్మే ధర గాల్లో. ఆర్థికవేత్త కాంటిలాన్ 18వ శతాబ్దంలో చెప్పింది సరిగ్గా ఇదే.

కొత్తదనం తెచ్చేవాడే వ్యాపారవేత్త అన్న ఆర్థికవేత్త షుంపీటర్ గురించి బాగా రాశారు. కానీ తోట గుత్తకివ్వకుండా తనే కాయ కోయించి లోడు పంపే రైతు మాటేమిటి? ఆ టెన్షన్ అంతా మోసేది ఆయనే. ఆయన కూడా వ్యాపారవేత్తే, దయచేసి రెండో భాగంలోనైనా రాయండి.