ఆఫ్రికన్ సిక్లిడ్‌లకు గుప్పెడు ఉప్పు చాలట!

"ఆఫ్రికన్ సిక్లిడ్‌లు మొండి చేపలు, ఓ పట్టాన చావవు. రెండడుగుల ట్యాంకులో ఇరవై వేసేయండి, ఎక్కువుంటే కొట్టుకోవు. వారానికోసారి గుప్పెడు కళ్లుప్పు వేయండి. ఆడచేప నోరు ఉబ్బితే వెంటనే గుడ్లు కక్కించండి, లేకపోతే మింగేస్తుంది. ఏ రకాన్ని ఏ రకంతో కలిపినా కొత్త రంగులొస్తాయి, డబుల్ రేటు." ఈ వాట్సాప్ మెసేజ్ ఎప్పట్నుంచో తిరుగుతూనే ఉంది. రాసిందెవరో తెలీదు గానీ, అది చదివి షాపుకెళ్లి కవర్లలో చేపలు పట్టుకొచ్చేసే కొత్తవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు, అందుకే ఈ ఖండన.

ముందు ఉప్పు సంగతి. ఈ చేపల సొంతూళ్లైన ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా, విక్టోరియా మూడూ మంచినీటి సరస్సులే. ఆ చేపలకు కావాల్సింది ఉప్పదనం కాదు, క్షారగుణం. మలావీ నీళ్ల పీహెచ్ (7 దాటితే క్షారం) సుమారు 7.8 నుంచి 8.6 దాకా ఉంటుంది, టాంగన్యీకాలో 9 దగ్గర. వంటుప్పు ఆ పీహెచ్‌నీ పెంచదు, హార్డ్‌నెస్‌నీ, అంటే నీళ్లలోని సున్నం లాంటి ఖనిజాల్నీ పెంచదు. ఫిల్టర్‌లో కోరల్ ముక్కలో సున్నపురాయో వేస్తే మెల్లగా పెరిగి అక్కడ నిలబడుతుంది. అసలు తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లు, అవే బకెట్ అంచుకి తెల్లగా పేరుకుపోయేవి, వీటికి బాగా సరిపోతాయి, ఏదీ కలపక్కర్లేదు. ఆ నీళ్లు ఇంట్లో పెట్టుకుని, ఆర్వో నీళ్లు కొనుక్కొచ్చి పోసి, మళ్లీ అందులో ఉప్పు వేయడం... ఏం చెప్పాలి.

ఇక ఇరవై చేపల మాట. ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. మలావీ రాళ్లలో బతికే ఎంబూనా చేపల్ని కాస్త కిక్కిరిసేలా పెడితే ఒక్కదాని మీదే దాడి జరగకుండా కోపం నలుగురికీ పంచుకుపోతుంది, నిజమే. అయితే ఇది పెద్ద ట్యాంకు కిటుకు. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే దాదాపు 250 లీటర్లు, దానికి దిట్టమైన ఫిల్టర్, వారం వారం నీళ్లు మార్చే ఓపిక ఉంటేనే పనిచేస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో పట్టేది 56 లీటర్లు, రాళ్లు పేరిస్తే ఇంకా తక్కువ. సరస్సులో మగ ఎంబూనా తనదని పట్టుకునే జాగా ఒక రాతి చుట్టూ ఉంటుంది, ఇక్కడేమో ట్యాంకు మొత్తం దాని జాగాయే అయిపోతుంది. ఎంబూనాల్లో బాగా కోపిష్టి రకమైన ఆరాటస్ మగదొకటి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఓడిపోయిన చేప ఎక్కడుంటుందో చూశారా? పై మూలలో, ఫిల్టర్ గొట్టం వెనక, నీటి పైమట్టానికి ఆనుకుని ఏటవాలుగా నిలబడుతుంది, తోక రెక్క పీలికలై ఉంటుంది, మేత వేసినా కిందికి దిగదు. షాపువాడు దాన్ని చూసి "అది కొంచెం భయం రకం సార్" అంటాడు. భయం రకం కాదు, ఇంకో రెండు రోజుల్లో పోయే రకం.

దీనికి తోడు చేపల మలం, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియా. పీహెచ్ 7 ఉన్న 26 డిగ్రీల నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం ఒక శాతం కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8.2 అయితే దాదాపు 9 శాతం. అంటే మామూలు ట్యాంకులో ఎలాగోలా నెట్టుకొచ్చే మురికే సిక్లిడ్ ట్యాంకులో మొప్పల్ని కాల్చేస్తుంది. కొత్త ట్యాంకులో ఫిల్టర్‌కి అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా పట్టకముందే ఇరవై చేపలు వేసి, మొండి చేపలన్నారు కదా అని చూస్తూ కూర్చుంటే మూడో రోజు నుంచీ ఒక్కొక్కటే తేలుతాయి.

గుడ్ల విషయం మరీ అన్యాయం. పసుపు రంగు ఎంబూనా అయిన ఎల్లో ల్యాబ్‌నే తీసుకోండి, ఆడచేప గుడ్డు పెట్టి, వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకుంటుంది, తర్వాత మగచేప అడుగు రెక్క మీదున్న గుడ్డు లాంటి చుక్కల్ని నోటితో పొడుస్తుంది, అప్పుడే వీర్యం లోపలికి వెళ్లి గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. అక్కడి నుంచి దాదాపు మూడు వారాలు వాటిని నోట్లోనే పెట్టుకుని తిండి మానేసినట్టే. దవడ అప్పుడప్పుడూ నమిలినట్టు కదులుతుంది చూడండి, అది తినడం కాదు, గుడ్లకి గాలి తగిలేలా దొర్లించడం. మూడో రోజునే కక్కిస్తే చేతికొచ్చేవి గుడ్లే, వాటిని నీటి ఒరవడిలో దొర్లించే ఏర్పాటు లేకపోతే బూజు పడతాయి. మొదటిసారి తల్లయినవీ, మగచేప తరిమే తరుముడికి టెన్షన్ పడ్డవీ మింగేసే మాట నిజమే, దానికి మందు దాక్కోడానికి రాళ్ల సందులు. కక్కించాలనే ఉంటే పద్దెనిమిది రోజులు దాటాక కక్కించండి, పిల్లలు దాదాపు తయారై ఉంటాయి. తల్లిని మాత్రం వెంటనే గుంపులోకి వదలకండి, పక్కన పెట్టి నాలుగు రోజులు మేపండి. ఇంకో సంగతి, ఆఫ్రికన్‌లన్నీ నోట్లో పెంచవు. టాంగన్యీకాలో మల్టీలనే చిన్న సిక్లిడ్‌లు ఖాళీ నత్తగుల్లల్లో గుడ్లు పెడతాయి, వాటి నోరు తెరిచి చూసేదేం లేదు.

చివరగా ఆ "కొత్త రంగుల" వ్యాపారం. ఈ చేపలు చాలావరకు తమ జాతిని రంగు చూసే గుర్తుపడతాయి. విక్టోరియా సరస్సులో నీళ్లు మసకబారి రంగు కనపడక జాతులు కలగాపులగం అవుతున్నాయని జీవశాస్త్రవేత్త ఓలే సీహౌసెన్ బృందం 1997లోనే చూపించింది. 1950లలో వదిలిన నైల్ పెర్చ్ అనే పెద్ద వేట చేప అప్పటికే అక్కడి వందల రకాల్ని దెబ్బతీసింది. మన ట్యాంకులో అయితే తన జాతి ఆడది లేని మగది ఏది దొరికితే దానితో జతకడుతుంది. పుట్టే పిల్లలు చాలాసార్లు రెండు వైపులా కాని మట్టిరంగులో ఉంటాయి. ఓబీ పీకాక్‌లు (పీకాక్ అనే రంగురంగుల మలావీ సిక్లిడ్‌లో మచ్చల రకం) మనుషులు కలిపి తీసినవే, ఆ పేరుతోనే అమ్ముతారు, అందులో తప్పులేదు. కలిసిపోయిన పిల్లల్ని అసలు జాతి పేరుతో అమ్మడమే మోసం. డబ్బు సంగతికొస్తే, పీకాక్ మగపిల్లలకు రంగు తేలడానికే కొన్ని నెలలు పడుతుంది, అప్పటిదాకా అన్నీ బూడిద రంగే, అంతవరకూ మేత, కరెంటు, జాగా అన్నీ మీ ఖర్చే.

పిల్లలు తీయాలనే ఉంటే ఒకే జాతివి, చిన్నవి ఓ ఆరేడు కలిపి కొనండి, పెరిగాక మిగులు మగవాటిని తీసేయండి. 'ఆఫ్రికన్ మిక్స్' అని చీటీ అంటించిన ట్యాంకులోంచి మాత్రం ఆడ పీకాక్‌ని కొనకండి. అన్ని పీకాక్ రకాల ఆడవీ దాదాపు ఒకేలా ఉంటాయి, అది ఏ జాతిదో చూసి చెప్పడం అమ్మేవాడి వల్ల కూడా కాదు.